మార్జాల సాంత్వనం

తెలుగు నుడికారంలో పిల్లికి దక్కిన గౌరవం స్వల్పం. ఎవరూ చూడడం లేదనుకొని తప్పు చేసేవాడిని కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లితో పోలుస్తారు. పైకి వైరాగ్యం, లోపల ఆశ గలవాడిది మార్జాల సన్యాసం అంటారు. తరచుగా ఇల్లు మారేవారిని చూసి, పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పినట్లున్నదని నవ్వుకొంటారు. ప్రయాణమై గడప దాటేవేళ పిల్లి ఎదురైతే వెనుకకు వచ్చి, కాసేపు కూర్చొని, మంచినీళ్ళు తాగి మరీ కదులుతారు. ఇన్ని మాటల నడుమ ఒక్క జాతీయం మాత్రం పిల్లి బాధను గుర్తించింది. నిలకడ లేక ఇల్లంతా తిరిగేవాడిని ‘కాలు కాలిన పిల్లి’ అంటారు. అయితే ఆ జాతీయం కూడా పిల్లి తిరుగుడును చూసినదే కాని, కాలు ఎందుకు కాలినదో విచారించలేదు. పెంపుడు పిల్లుల వింత అలవాట్ల విషయంలో నేటి గృహస్థులు చేస్తున్న పొరపాటు కూడా సరిగా ఇదే.

ఏమిటా వింత అలవాట్లు? కొన్ని పిల్లులు ఉన్ని శాలువా అంచును నోట కరచుకొని గంటల తరబడి చప్పరిస్తాయి. కొన్ని దుప్పటిని ముందుకాళ్ళతో పిండి పిసికినట్లు పిసుకుతాయి. కొన్ని సొంత తోక కొసను చీకుతాయి. కొన్ని నిద్రించే మనిషి చెవి తమ్మెను వెదుక్కొంటాయి. కొన్ని ప్లాస్టిక్ సంచులను నాకుతాయి. మరికొన్ని పొట్టమీది వెంట్రుకలు ఊడి చర్మం బయటపడేదాకా తమను తాము నాకుకొంటాయి. వీటిలో అధికభాగం పిల్లి తనను తాను ఊరడించుకొనడానికి చేసే యత్నాలు. ఇట్టి ఊరడింపునకే సాంత్వనమని పేరు. ఈ పదాన్ని ‘స్వాంతన’ అని రాయడం ఇటీవల పరిపాటి అయింది. స్వాంతం అంటే మనస్సు. సాంత్వనం అంటే ఓదార్పు. రెండూ కలగాపులగమై పుట్టిన రూపం అది. విద్యార్థులు దానిని విడిచిపెట్టడం మంచిది.

చార్లెస్ డార్విన్ మనుషులలోను జంతువులలోను భావాలు వ్యక్తమయ్యే తీరును గురించి 1872లో ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. ప్రపంచమంతా తిరిగి అపూర్వ జీవరాశిని పరిశీలించిన ఆ శాస్త్రవేత్త ఈ గ్రంథంలో ఇంటి పిల్లిని కూడా విస్మరించలేదు. వయసు వచ్చిన పిల్లి వెచ్చని శాలువామీద పడుకొని, ముందుకాళ్ళతో దానిని మార్చి మార్చి ఒత్తుతూ, అప్పుడప్పుడు దాని కొసను నోట పెట్టుకొని, కనులు మూసి గురగురలాడుతూ చీకడాన్ని ఆయన వర్ణించాడు. ఇది తల్లిపాలు తాగేనాటి చేష్ట అనీ, మెత్తదనమూ వెచ్చదనమూ తగలగానే పాత అలవాటు మేలుకొంటుందనీ ఆయన నిర్ణయం.

పాడి గల ఇంటివారికి ఈ విషయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. దూడ తలతో పొదుగును కుమ్మితేనే ఆవు చేపుతుంది. పిల్లికూన చేసేదీ అదే. చన్నుకు ఇరుప్రక్కలా చిన్న పాదాలతో ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి తల్లి చేపుతుంది. కన్నులైనా తెరవని ఆ దశలో కూనకు లోకమంటే పాలు, వెచ్చదనం, తల్లి వాసన. శ్రీవైష్ణవ సంప్రదాయంలో మార్జాల కిశోర న్యాయం ప్రసిద్ధం. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూన అట్లా కాక, తల్లి మెడపట్టు కరచి తీసుకొనిపోతుంటే కాళ్ళు ముడుచుకొని నిశ్చలంగా వ్రేలాడుతుంది. తెంకలై వారు శరణాగతికి దీనిని ఉపమానంగా గ్రహించారు. వేదాంతాన్ని అట్లా ఉంచితే, వారి పరిశీలన మాత్రం యథార్థం. కూన తన భారాన్నంతా తల్లిమీద వదిలివేస్తుంది. అట్టి తల్లి అకాలంలో దూరమైతే ఆ కూన దేనిని ఆశ్రయించాలి?

పిల్లికూనలు సాధారణంగా నాలుగవ వారం నుంచి గట్టి ఆహారాన్ని రుచి చూస్తాయి. పాలు పూర్తిగా మానడానికి దాదాపు ఎనిమిది వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా తల్లితోను తోబుట్టువులతోను ఆడుతూ, కరవడంలో హద్దునూ భయాన్ని అణచుకొనే నేర్పునూ అలవరచుకొంటాయి. ఫిన్లాండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 5,700 పెంపుడు పిల్లుల సమాచారాన్ని పరిశీలించి 2017లో తమ ఫలితాలను ప్రకటించారు. ఎనిమిది వారాలకు ముందే తల్లినుంచి వేరుచేసిన పిల్లులలో దూకుడు స్వభావం ఎక్కువగా కనిపించింది. పదునాలుగు వారాలు దాటిన తరువాత వేరైనవాటిలో అతిగా నాకుకొనడం వంటి అలవాట్లు తక్కువగా ఉన్నాయి. ముద్దుగా అరచేతిలో ఇమిడిపోయే ప్రాయంలో కూనను ఇంటికి తెచ్చుకోవాలన్న ఉబలాటానికి ఆ కూన జీవితాంతం మూల్యం చెల్లించవలసి రావచ్చు.

అయినప్పటికీ ప్రతి వింత అలవాటునూ తల్లి ఎడబాటుకే ముడిపెట్టరాదు. బట్టలు నమిలే పిల్లులను గురించి ఇంగ్లండులో 1997లో ఒక అధ్యయనం వెలువడింది. అందులో పరిశీలించిన 152 పిల్లులలో అధికభాగం సయామీ, బర్మీ జాతులవి. వాటికి అన్నిటికంటె ప్రియమైనది ఉన్ని, తరువాతిది నూలు. జాతిని బట్టి ఈ లక్షణం హెచ్చడం చూస్తే, వంశపారంపర్యానికి కూడా ఇందులో పాత్ర ఉన్నదని భావించాలి. 2015లో అమెరికాలో సయామీ, బిర్మన్ జాతుల పిల్లులపై జరిగిన పరిశీలనలో, బిర్మన్ పిల్లుల విషయంలో త్వరగా పాలు మాన్పించడానికీ ఉన్ని చీకడానికీ సంబంధం కనిపించింది. సయామీ పిల్లులలో అట్లా కాక, దేహంలోని అనారోగ్యంతో సంబంధం కనిపించింది. ఒకే చేష్ట, రెండు మూలాలు. పైకి కనిపించేదానిని మాత్రమే చూసి కారణాన్ని నిర్ణయించడం ఎంత తొందరపాటో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఒక కుటుంబాన్ని ఊహించుకొంటే ఈ విషయం మరింత సుబోధకమవుతుంది. హైదరాబాదులో నాలుగవ అంతస్తులోని అపార్ట్‌మెంటు. తండ్రి, తల్లి, నాయనమ్మ, ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె. ఐదు వారాల కూనను తెచ్చి బుజ్జి అని పేరు పెట్టుకొన్నారు. కొంతకాలానికి బుజ్జి నాయనమ్మ శాలువాను చీకడం మొదలుపెట్టింది. మొదట అందరూ ముచ్చటపడ్డారు, ఫోటోలు తీశారు, నవ్వినప్పుడల్లా దగ్గరకు తీసుకొన్నారు. ఇంతలో ఇల్లు మారవలసి వచ్చింది. కొత్త ఇంట కిటికీలకు ఎప్పుడూ తెరలే; క్రింది అంతస్తులో నిరంతరం మరమ్మతుల చప్పుడు. బుజ్జి చీకడం నమలడంగా మారింది. శాలువాకు చిల్లులు పడ్డాయి. తల్లి పట్టుచీర కొంగు చిరిగింది. తండ్రి కోపించి, దినపత్రికను చుట్టి ఒకటి రెండుసార్లు కొట్టాడు. ఫలితంగా బుజ్జి ఆయన అడుగుల చప్పుడు వినగానే మంచం క్రిందకు దూరి, అక్కడ మరింత ఎక్కువగా నమలసాగింది. చివరకు దానిని సంచిలో పెట్టి దూరంగా ఉన్న మార్కెట్టులో వదిలివేయాలన్న ఆలోచన వచ్చింది. అక్కడైతే చేపల తలలు దొరుకుతాయని ఆయన సమర్థన.

ఈ సమర్థనలో పస లేదు. ఇంటిలో పెరిగిన పిల్లికి కుక్కలను తప్పించుకోవడం తెలియదు. వాహనాల వేగం తెలియదు. ఆ వీధిని అంతకుముందే ఏలుతున్న పిల్లులు దానిని నిలువనీయవు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఆ ఉదయం కుమార్తెకు మరొక దృశ్యం కంటబడిందనుకొందాం. బుజ్జి నోటినుంచి ఉన్ని దారం ఒకటి వ్రేలాడుతున్నది. ఎవరికైనా కలిగే మొదటి ఆలోచన దానిని పట్టి లాగడం. అది ప్రాణాంతకం కావచ్చు. దారం ఒక కొస నాలుక మొదట్లోనో జీర్ణాశయంలోనో చిక్కుకొని, రెండవ కొస ప్రేగులోకి జారినప్పుడు, ప్రేగు దానిని ముందుకు నెట్టబోయి తానే ముడతలు పడుతుంది. బొందు లాగిన సంచి మూతి కుచ్చిళ్ళు పడినట్లే ఇదీను. బిగిసిన దారం ప్రేగును లోపలినుంచి కోయగలదు. కాబట్టి నోటినుంచి గాని మలద్వారంనుంచి గాని దారం వ్రేలాడితే లాగకూడదు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. దారం కనిపించకపోయినా, బట్ట నమిలే అలవాటున్న పిల్లి అన్నం ముట్టక పదేపదే వాంతి చేసుకొంటుంటే అదీ అత్యవసరమే. చీకడం వేరు, మ్రింగడం వేరు. మొదటిది చాలావరకు ఉపేక్షింపదగినది. రెండవది ఎంతమాత్రం ఉపేక్షింపరానిది.

ఇక నాకుకొనడం. మార్జాలం, మార్జారం అనే పదాలు శుభ్రపరచడమనే అర్థం గల ‘మృజ్’ ధాతువునుంచి ఏర్పడినవి. చీపురును సమ్మార్జని అనడం కూడా ఆ ధాతువు వల్లనే. తనను తాను తుడుచుకొనే ప్రాణి అన్న పేరు పెట్టినవారు పిల్లిని ఎంతో నిశితంగా చూసి ఉండాలి. దాని నాలుకపై లోపలి దిశకు వంగిన సన్నని ముళ్ళవంటి నిర్మాణాలు దువ్వెన పళ్ళ వలె పనిచేస్తాయి. మెలకువగా ఉన్న సమయంలో కొంతభాగాన్ని పిల్లి ఈ పనికి వినియోగిస్తుంది. అయితే శుభ్రత ఒక్కటే దీని ప్రయోజనం కాదు. గోడమీదికి దూకబోయి గురి తప్పి పడిన పిల్లిని గమనిస్తే, అది లేచిన వెంటనే ఏమీ జరగనట్లు భుజాన్ని నాకుకొంటుంది. ఏమి చేయాలో తోచని క్షణంలో, సందర్భానికి పొందని మరొక పనిలోకి మళ్ళడం జంతువులలో సాధారణం. 1973లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురు జంతుప్రవర్తన శాస్త్రవేత్తలలో ఒకడైన నికో టిన్‌బెర్గెన్ ఇట్టి చేష్టలను విశేషంగా అధ్యయనం చేశాడు. ప్రశ్నపత్రం చేతికి వచ్చేలోపల గోళ్ళు కొరికే విద్యార్థికి ఈ విషయం వివరించనవసరం లేదు.

భయమో విసుగో తొలగనప్పుడు ఆ క్షణకాలపు చేష్ట నిత్యకృత్యమవుతుంది. నాకిన చోటనే నాకి పొట్ట, తొడల లోపలి భాగం బోడిగా మారుతాయి. దీనిని చూసి మనోవ్యథ అని వెంటనే పేరు పెట్టడం కూడా ప్రమాదమే. మానసిక కారణంతోనే వెంట్రుకలు పోగొట్టుకొన్నాయని భావించిన 21 పిల్లులను పశువైద్యులు సమగ్రంగా పరీక్షించి 2006లో ఫలితాలను ప్రకటించారు. వాటిలో 16 పిల్లులకు శరీరంలోనే వ్యాధి ఉన్నది. ఆహారం సరిపడకపోవడం ముఖ్య కారణాలలో ఒకటి. మూడింటికి వ్యాధి, మనోవ్యథ రెండూ ఉన్నాయి. కేవలం మనోవ్యథ కలిగినవి రెండు మాత్రమే. వెంట్రుకల నడుమ దాగి రక్తం పీల్చే దూకుడు పురుగులు, చర్మవ్యాధులు, మూత్రాశయంలోని నొప్పి, ఇవన్నీ పిల్లిని నాకుడుకు పురికొల్పుతాయి. పదేపదే మూత్రానికి కూర్చొని చుక్కైనా విసర్జించలేని మగపిల్లిని మరునాటిదాకా ఉంచరాదు. మార్గం పూర్తిగా మూసుకొనిపోతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. గురగుర శబ్దాన్ని విని ఆనందంగా ఉన్నదని నిశ్చింత వహించడం కూడా తగదు. నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. ఆ శబ్దం కూడా ఒక సాంత్వనమే.

కనుక మొదటి మెట్టు వైద్యపరీక్ష. బుజ్జిని మార్కెట్టుకు బదులు పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలసింది అందుకే. అలవాటు ఎప్పుడు మొదలైనది, రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళ, దానికి ముందు ఇంటిలో ఏమి జరిగింది అన్న నాలుగు సంగతులను ఒక పుస్తకంలో రాసి ఉంచితే, వైద్యుడు అడిగే ప్రశ్నలలో సగానికి సమాధానం దొరుకుతుంది. ఫోనులో తీసిన చిన్న వీడియో మరింత ఉపకరిస్తుంది. పరీక్షాగదిలో బెదిరిన పిల్లి ఆ చేష్టను చూపదు. తోచిన మాత్ర వేయడం మాత్రం ఎన్నడూ పనికిరాదు. మనుషులు జ్వరానికి వాడే పారాసిటమాల్‌ను విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, దాని ప్రాణం తీయడానికి. మనస్సును కుదుటపరచే మందులు పిల్లులకూ ఉన్నాయి. వాటి అవసరాన్నీ మోతాదునూ నిర్ణయించవలసినది పశువైద్యుడే.

దేహంలో దోషం లేదని తేలితే, చూపును ఇంటివైపు మళ్ళించాలి. పిల్లికి కావలసినవి పెద్ద సంపదలు కావు. 2013లో అమెరికా పిల్లుల వైద్యుల సంఘం, అంతర్జాతీయ మార్జాల వైద్య సంస్థ కలిసి వాటిని నిర్దేశించాయి. భయం కలిగినప్పుడు దాగడానికి చోటు. తిండి, నీరు, ఇసుక తొట్టె వేర్వేరు స్థలాలలో ఉండడం. వేటను పోలిన ఆట. మనుషులు ఒకే తీరుగా, దయగా మెలగడం. పిల్లి వాసనల లోకాన్ని చెరపకుండడం. వీటిలో చివరిదానిని మనవారు బొత్తిగా పట్టించుకోరు. చెంపలను గోడకూ కుర్చీకీ రాసి పిల్లి తన వాసనను ఇంటికి పూస్తుంది. ఘాటైన ఫినాయిల్‌తో రోజూ తుడిచివేస్తే, ప్రతి ఉదయం అది పరాయి ఇంట మేలుకొన్నట్లే.

దాగడానికి చోటు అన్నది చిన్న విషయంగా తోచవచ్చు. 2014లో నెదర్లాండ్సులోని ఒక జంతు సంరక్షణాలయంలో, కొత్తగా వచ్చిన 19 పిల్లులలో కొన్నిటికి అట్టపెట్టె వంటి మరుగునిచ్చి, మిగిలినవాటికి ఇవ్వక పరిశీలించారు. మరుగు దొరికిన పిల్లులు చాలా త్వరగా కుదుటపడ్డాయి. దీపావళినాడు టపాకాయల మోతకు బెదిరే పిల్లికి ఖరీదైన పరుపుకంటె బీరువాప్రక్కన బోర్లించిన అట్టపెట్టె మేలు.

దండన విషయం. చీకుతున్న పిల్లిని కొట్టడం, నీళ్ళు చల్లడం, అరవడం భయాన్ని పెంచుతాయి. భయమే ఆ చేష్టకు మూలమైనప్పుడు చేష్ట కూడా పెరుగుతుంది. కొట్టినవాడు లేనివేళ దానిని చేయడం మాత్రమే పిల్లి నేర్చుకొంటుంది. నవ్వి దగ్గరకు తీసుకోవడం కూడా మరొక విధంగా పొరపాటే. ఆ చేష్టకు ఆదరం లభిస్తుందని పిల్లి గ్రహిస్తుంది. మధ్యేమార్గం ఒకటున్నది. చేష్ట మొదలయ్యే వేళకు కాస్త ముందుగానే దానిని ఆటలోకి దింపాలి. కర్రకు కట్టిన ఈకను నేలమీద ఎలుక పరుగును తలపించేటట్లు లాగి, చివరకు దొరకనిచ్చి, వెంటనే ఆహారం పెట్టాలి. వేట, పట్టు, తిండి, నిద్ర అన్నది పిల్లి దినచర్యలోని సహజక్రమం. కంచం నిండా ఒకేసారి వడ్డించడానికి బదులు, చిల్లులు పెట్టిన డబ్బాలో పెట్టి వెదుక్కోనిస్తే నోటికీ బుద్ధికీ పని దొరుకుతుంది. ఆట ముగియగానే ఆ ఈకనూ దారాన్నీ అందకుండా దాచడం మరవరాదు.

బుజ్జి ఇంట ఇవన్నీ ఒక్కనాడే జరుగవు. మొదట శాలువాలు, ఊలు ఉండలు, కుట్టు దారాలు బీరువాలోకి చేరతాయి. ఒక కిటికీ తెర తొలగి, అక్కడ గట్టి వల బిగించి, వీధి కనిపించేటట్లు ఎత్తైన బల్ల అమరుతుంది. సాయంత్రం పది నిమిషాలు ఈక పట్టుకొనే బాధ్యత కుమార్తెది. చదువు మధ్యలో ఆమెకూ అది విశ్రాంతే. తండ్రికి అప్పగించిన పని మరింత కష్టమైనది. ఆయన ఏమీ చేయకుండా, పిలవకుండా, తాకబోకుండా రోజూ ఒకే వేళకు నేలమీద కూర్చొని పత్రిక చదువుకోవాలి. ప్రక్కన రెండు మూడు మెతుకుల చేప ముక్క ఉంచాలి. పదిరోజులు గడిచినా బుజ్జి మంచం క్రిందినుంచి ముఖం మాత్రమే బయట పెట్టవచ్చు. ఆ పత్రికతోనే దెబ్బలు తిన్నది మరి.

అలవాటు పూర్తిగా మాయమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాకి పోగొట్టుకొన్న వెంట్రుకలు తిరిగి నిండుగా రావడానికి నెలలు పడుతుంది. చీకడం వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గి, బట్ట నమలడం ఆగితే, దానిని సాఫల్యంగానే ఎంచాలి. నాయనమ్మ తన పాత నూలు తువ్వాలు ఒకటి, పోగులు ఊడకుండా అంచు మడిచి కుట్టి, ఎత్తుబల్లమీద పరచింది. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత బుజ్జి దానిమీదికి చేరి, ముందుకాళ్ళతో కాసేపు ఒత్తి, కొసను నోట పెట్టుకొని కళ్ళు మూస్తుంది. ఆ తువ్వాలును వారం వారం వెలుతురులో పట్టి, ఎక్కడైనా పోగు తెగిందేమో చూసుకోవడం నాయనమ్మ పని.